గ్రాఫ్ పైకి లేచింది, మరి శోషణ పెరిగినట్టేనా?

నియోడిమియం, ఎర్బియం లాంటి రేర్ ఎర్త్ మూలకాల అయాన్లు వేసిన గాజును హీట్ ట్రీట్‌మెంట్ చేసి, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి ఆగిపోయిందో గ్రాఫ్ గీసే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడితే చాలాసార్లు గ్రాఫ్ మొత్తం పైకి లేస్తుంది. అది చూసి "వేడి చేశాక కాంతి శోషణ పెరిగింది" అని ఒక వాక్యం రాసేసి ముందుకు వెళ్లిపోయిన థీసిస్ చాప్టర్లు, సెమినార్ స్లైడ్లు నేను చాలానే చూశాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఆ గాజులో శోషణ చాలావరకు పెరగలేదు. కొన్ని చోట్ల తగ్గింది కూడా. ఆ తగ్గడంలోనే అసలు విషయం ఉంది. దాన్ని పట్టించుకోకుండా పైకి లేచిన గీతను మాత్రం పట్టుకుంటున్నారు.

నేను గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు ఫిజిక్స్ చెబుతాను, మిగతా సమయం గాజుల మీద పరిశోధన. విజయవాడ, గుంటూరు మధ్య గాజు పరిశోధన అంటే కొత్త సంగతి కాదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో దశాబ్దాలుగా ఈ పని జరుగుతోంది, ఇక్కడి కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పేవాళ్లలో ఏదో ఒక రోజు కొలిమి ముందు నిలబడి గాజు పోసినవాళ్లు చాలామందే కనిపిస్తారు. అందుకే ఇది మన ఊరి విషయంలాగే రాస్తున్నాను.

ముందు ఈ అయాన్ల స్వభావం గురించి. నియోడిమియం, ఎర్బియం, హోల్మియం లాంటి రేర్ ఎర్త్ అయాన్లలో రంగుకు కారణమయ్యే ఎలక్ట్రాన్లు 4ఎఫ్ కక్ష్యల్లో ఉంటాయి. వాటి బయట 5ఎస్, 5పీ కక్ష్యలు నిండుగా ఉండి లోపలి ఎలక్ట్రాన్లకు రక్షణ కల్పిస్తాయి. కాబట్టి చుట్టూ సిలికేట్ ఉన్నా, ఫాస్ఫేట్ ఉన్నా, ఫ్లోరైడ్ ఉన్నా పీకులు, అంటే గ్రాఫ్‌లో శోషణ శిఖరాలు, దాదాపు అక్కడే వస్తాయి. ఎర్బియం తీసుకుంటే 378, 488, 521, 544, 652, 800, 976, 1530 నానోమీటర్ల దగ్గర పీకులు వస్తాయి. గాజు మారితే ఒకటి రెండు నానోమీటర్లు అటూ ఇటూ జరుగుతాయి, అంతే. రాగి, కోబాల్ట్ లాంటి లోహాల సంగతి అలా కాదు. వాటి డీ ఎలక్ట్రాన్లు బయటికే ఉంటాయి కాబట్టి గాజు మారితే రంగే మారిపోతుంది.

అంటే రేర్ ఎర్త్ గాజును వేడి చేసి పీకులు జరుగుతాయని ఎదురుచూడటం దండగ. చూడాల్సింది పీకు ఎత్తు, వెడల్పు, ఆకారం. ఇంకా ముఖ్యంగా పీకులన్నీ ఏ నేల మీద, అంటే గ్రాఫ్‌లో ఏ బేస్‌లైన్ మీద, నిలబడి ఉన్నాయన్నది.

నియోడిమియం గాజును ఎప్పుడైనా చేతిలోకి తీసుకున్నారా? పాత ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైటు కింద అది లేత నీలంగా కనిపిస్తుంది. అదే ముక్కను వరండాలోకి తెచ్చి ఎండలో పెడితే లేత ఊదా రంగులోకి మారిపోతుంది. మా విద్యార్థులకు మొదటి క్లాసులో ఇదే చూపిస్తాను, బోర్డు మీద ఒక్క ముక్క కూడా రాయకముందే. ఈ గాజు 580 నానోమీటర్ల చుట్టూ ఉన్న పసుపు పట్టీని గట్టిగా మింగేస్తుంది. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి పసుపు పోగా మిగిలిన నీలం, ఎరుపు కలిసి ఊదాగా కనిపిస్తాయి. ట్యూబ్‌లైటు కాంతి కొన్ని గీతల దగ్గరే కుప్పపడి ఉంటుంది కాబట్టి లెక్క మారుతుంది. ఇదే గుణం వల్ల నియోడిమియం, ప్రసియోడిమియం కలిసిన డిడిమియం గాజు కళ్లజోళ్లను గాజు ఊదే పనివాళ్లు వాడతారు. మంటలో సోడియం ఇచ్చే 589 నానోమీటర్ల పసుపు వెలుగు అడ్డం రాకుండా వేడి గాజు ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. డిడిమియం ఒకే మూలకమని చాలాకాలం అనుకున్నారు. 1885లో కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాహ్ దాన్ని రెండుగా విడదీశాడు.

ఇక గాజు తయారీ. మాది ఆక్సైడ్లు, ఫ్లోరైడ్లు కలిసిన ఆక్సీఫ్లోరైడ్ గాజు: సిలికా, అల్యూమినా, సోడియం ఆక్సైడ్, లాంథనం ఫ్లోరైడ్, వాటిలో కొద్దిగా ఎర్బియం ఫ్లోరైడ్. పొడులన్నీ అగేట్ మోర్టార్‌లో బాగా నూరి, మూత ఉన్న ప్లాటినం క్రూసిబుల్‌లో 1400 డిగ్రీల దగ్గర కరిగిస్తాం. మూత తప్పనిసరి. కరిగిన సిలికాతో ఫ్లోరిన్ కలిసి సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువుగా ఎగిరిపోతుంది. అది ఊపిరితిత్తులకు చెడ్డది, గాజుకు ఇంకా చెడ్డది. ఎంతసేపు కరగనిస్తే అంత ఫ్లోరిన్ పోతుంది, పోయిన ఫ్లోరిన్ తర్వాత స్ఫటికాలు కట్టడానికి ఉండదు. వానాకాలంలో ఇంకో బాధ. కృష్ణ ఒడ్డున ఉన్న మనకు జులై నుంచి గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. ఫ్లోరైడ్ పొడులను ఓవెన్‌లో ఆరబెట్టి, తేమ చేరనివ్వని డెసికేటర్ డబ్బాలోంచి తీసిన వెంటనే తూకం వేయాలి. లేదంటే తేమ నుంచి గాజులోకి ఓహెచ్ (హైడ్రాక్సిల్) చేరి 3 మైక్రోమీటర్ల దగ్గర వెడల్పాటి శోషణ కనిపిస్తుంది, ఎర్బియం శక్తిని అది తినేస్తుంది.

పోయడానికి ఇత్తడి అచ్చు కావాలి. నా అచ్చు విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో చేయించాను. గేర్లు, షాఫ్టులు చేసే మేస్త్రీ చదునైన ఇత్తడి దిమ్మెను అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు.

"ఇందులో ఏం పోస్తారమ్మా?"

"గాజు పోస్తాం బాబాయ్."

"గాజుకైతే అచ్చును ముందే వేడి చేసుకోండి. చల్ల అచ్చులో పోస్తే ఇనుమే పగులుద్ది, గాజు ఆగుద్దా?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. హీట్ ట్రీట్‌మెంట్ అన్న మాట ఆటోనగర్‌లో అందరికీ తెలుసు. గేర్ పళ్లు గట్టిపడటానికి, షాఫ్టు విరగకుండా ఉండటానికి అక్కడ రోజూ జరిగే పని అది. మనం ల్యాబ్‌లో అదే మాట వాడతాం కానీ, గాజు విషయంలో ఆ ఒక్క పేరు కింద రెండు వేరువేరు పనులు దాక్కుని ఉంటాయి. వాటిని కలిపేయడం వల్లే సగం గందరగోళం.

మొదటిది అనీలింగ్. పోసిన గాజు పైభాగం ముందు చల్లబడి, లోపల ఇంకా వేడిగా ఉండటంతో ఒత్తిడి బిగిసిపోతుంది. దాన్ని వెంటనే ఇంకో కొలిమిలో గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రతకు, అంటే టీజీకి దగ్గరగా ఉంచి, మెల్లగా గది వేడికి దించుతాం. ఒత్తిడి పోయిందో లేదో రెండు పోలరాయిడ్ల మధ్య పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒత్తిడి ఉంటే అంచుల్లో వెలుగు మెరుస్తుంది, పోతే చీకటిగానే ఉంటుంది. ఈ పనివల్ల గాజు కాస్త దట్టంగా సర్దుకుంటుంది, వక్రీభవన గుణకం కొంచెం పెరుగుతుంది. రేర్ ఎర్త్ పీకుల మీద మాత్రం పెద్దగా ప్రభావం ఉండదు. అయాన్ చుట్టూ ఉన్నది ఇంకా అదే క్రమం లేని ఆక్సిజన్, ఫ్లోరిన్ గుంపు.

రెండోది స్ఫటికీకరణ కోసం చేసే వేడి. మా గాజుకు టీజీ 560 చుట్టూ ఉంది, స్ఫటికాలు మొలవాలంటే దాని పైన 620 నుంచి 680 దాకా పెట్టి కొన్ని గంటలు ఉంచాలి. ఈ దారి తెరిచినవాడు కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ. 1953లో ఆయన కాంతికి స్పందించే గాజు పలకను 600 డిగ్రీలకని కొలిమిలో పెట్టాడు, కొలిమి నియంత్రణ దెబ్బతిని 900 దాకా వెళ్లింది. కరిగి పారిపోయి ఉంటుందనుకున్న పలక తెల్లగా, గట్టిగా నిలిచి ఉంది. పట్టకారులోంచి జారి నేల మీద పడినా పగల్లేదు. గ్లాస్ సిరామిక్స్, అంటే లోపల స్ఫటికాలు మొలిచిన గాజులు, అక్కడ పుట్టాయి. అయితే ఆ పలక తెల్లనిది, దాంట్లోంచి చూడలేం. మనకు కావాల్సింది లోపల స్ఫటికాలు ఉండీ పైకి మామూలు గాజులా కనిపించేది. 1993లో జపాన్‌లో యుహు వాంగ్, జునిచి ఓవాకి ఎర్బియం, ఇటర్బియం వేసిన అలాంటి పారదర్శక పదార్థాన్ని చూపించారు. సీసం, కాడ్మియం ఫ్లోరైడ్ నానోస్ఫటికాలు ఆక్సైడ్ గాజులో చెల్లాచెదురుగా ఉన్న పదార్థం అది. పరారుణ కాంతిని కనిపించే కాంతిగా మార్చడంలో అది మామూలు గాజును ఎన్నో రెట్లు మించింది. ఈరోజు మనలాంటి చిన్న ల్యాబుల్లో జరుగుతున్న పనికి పునాది అదే.

నాకు బాగా నచ్చే భాగం ఇప్పుడు చెప్పేది. 650 డిగ్రీల దగ్గర గాజు రాయిలా కనిపిస్తుంది కానీ లోపల ఫ్లోరిన్ అయాన్లు మెల్లగా కదులుతుంటాయి. లాంథనంతో చేరి చిన్న చిన్న లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికాలు కడతాయి. ఎర్బియం, లాంథనం ఒకే కుటుంబం, ఒకే విద్యుదావేశం. కాబట్టి లాంథనం స్థానంలోకి ఎర్బియం దూరగలదు. స్ఫటికం పెరుగుతున్న కొద్దీ దాని చుట్టూ ఉన్న గాజులో ఫ్లోరిన్ తగ్గిపోతుంది, సిలికా వాటా పెరుగుతుంది. సిలికా పెరిగితే ఆ పొర చిక్కబడుతుంది, ఆ చిక్కదనమే కొత్త ఫ్లోరిన్ రాకుండా అడ్డుపడుతుంది. స్ఫటికం తన చుట్టూ తానే గోడ కట్టుకుని 10, 20 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మనం బయట నుంచి ఏ మందూ వేయకుండానే పరిమాణం అదుపులో ఉంటుంది. గాజు పారదర్శకంగా మిగలడానికి కారణం ఇదే. వేడి మరీ ఎక్కువైతే ఆ గోడ కూడా మెత్తబడి స్ఫటికాలు పెరిగిపోతాయి, ముక్క తెల్లబడుతుంది.

ఇక మొదట్లో చెప్పిన గ్రాఫ్ దగ్గరికి వద్దాం. గ్రాఫ్ పైకి లేవడానికి పెద్ద కారణం ఈ స్ఫటికాలు కాంతిని వెదజల్లడం. జనవరి ఉదయం మంగళగిరి దాటాక హైవే మీద పొగమంచు దిగితే ఎదురు బండి హెడ్‌లైటు మసకబారుతుంది కదా. ఆ వెలుగును మంచు మింగలేదు, పక్కలకు చల్లేసింది. స్పెక్ట్రోఫోటోమీటర్ డిటెక్టర్‌కు మాత్రం ఈ తేడా తెలియదు. ఎదురుగా తనదాకా రాని కాంతినంతా శోషణ ఖాతాలోనే రాసేస్తుంది.

ఈ వెదజల్లడం ఎక్కడ ఎంత ఉంటుందో లెక్క కట్టవచ్చు. కాంతి తరంగదైర్ఘ్యంతో పోలిస్తే స్ఫటికాలు చాలా చిన్నవైనప్పుడు రేలీ సూత్రం వర్తిస్తుంది, వెదజల్లడం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఎర్బియం పీకుల్లో 521ని, 1530ని తీసుకోండి. 1530ని 521తో భాగించి నాలుగో ఘాతం చేస్తే దాదాపు 74. అంటే అదే ముక్కలో, అదే క్షణంలో, ఆకుపచ్చ పీకు కింది నేల పరారుణ పీకు కింది నేల కంటే 74 రెట్లు ఎక్కువ లేచి ఉంటుంది. గ్రాఫ్ ఎడమవైపు కొండలా లేచి, కుడివైపు చదునుగా ఉండటానికి కారణం ఇదే. స్ఫటికం వ్యాసం రెట్టింపైతే ఒక్కో స్ఫటికం వెదజల్లేది 64 రెట్లు పెరుగుతుంది. మొత్తం ఫ్లోరైడ్ అంతే కాబట్టి స్ఫటికాల సంఖ్య ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నికరంగా 8 రెట్లు. 10 నానోమీటర్ల దగ్గర నిర్మలంగా ఉన్న గాజు 20 దాటాక ఎందుకు అంత త్వరగా మసకబారుతుందో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. స్ఫటికం, గాజు వక్రీభవన గుణకాలు ఎంత దగ్గరగా ఉంటే వెదజల్లడం అంత తక్కువ, అది వేరే సంగతి.

కాబట్టి పీకు ఎత్తు చెప్పేముందు నేలను తీసేయాలి. పీకులు లేని చోట్లను, ఉదాహరణకు 600 దగ్గర, 720 దగ్గర, 1100 దగ్గర పట్టుకుని, నాలుగో ఘాతం గీత ఒకటి గీసి దాన్ని మొత్తంలోంచి తీసివేయడం ఒక పద్ధతి. తిన్నటి గీత గీస్తే 378 పీకు దగ్గర లెక్క ఘోరంగా తప్పుతుంది.

నేల తీసేశాక మిగిలిన బొమ్మ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వేడి చేయకముందు గాజులో ప్రతి పీకూ గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. ఎందుకంటే గాజులో ఏ రెండు ఎర్బియం అయాన్ల ఇరుగుపొరుగూ ఒకటి కాదు. ఒకదాని చుట్టూ ఆక్సిజన్ దగ్గరగా, ఇంకోదాని చుట్టూ దూరంగా, ఒక్కోటి కొద్దిగా వేరే తరంగదైర్ఘ్యం దగ్గర మింగుతుంది. అన్నీ కలిసి ఒక వెడల్పాటి గుట్ట. స్ఫటికంలోకి చేరిన అయాన్లకు ఒకటే రకం ఇల్లు. వెంటనే గుట్ట భుజాల మీద చిన్న చిన్న శిఖరాలు లేస్తాయి, ముఖ్యంగా 1530, 652 దగ్గర. అవి స్టార్క్ విభజన గీతలు. ఒక్కో శక్తి మట్టం చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రంలో ఎన్ని మెట్లుగా చీలిందో ఆ శిఖరాలు చెబుతాయి.

దానితోపాటే 521 పీకు కుంగుతుంది. ఎఫ్ నుంచి ఎఫ్‌కు దూకడం నియమం ప్రకారం నిషిద్ధం. అయాన్ చుట్టూ సౌష్ఠవం లేనప్పుడు ఆ నిషేధం కొంచెం సడలుతుంది. ఎంత సడలుతుందో లెక్కకట్టే పద్ధతిని 1962లో బ్రయన్ జడ్, జార్జ్ ఓఫెల్ట్ ఒకరికొకరు సంబంధం లేకుండా ఒకే ఏడాది ప్రచురించారు. వాళ్ల లెక్కలో ఒమేగా-2, ఒమేగా-4, ఒమేగా-6 అని మూడు సంఖ్యలు. వీటిలో ఒమేగా-2 పొరుగును బట్టి బాగా మారుతుంది. అయాన్ చుట్టూ వంకరతనం ఎక్కువైనా, బంధంలో ఎలక్ట్రాన్ పంపకం ఎక్కువైనా అది పెరుగుతుంది. ఎర్బియానికి సిలికేట్ గాజులో ఒమేగా-2 సుమారు 4, లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంలో 1 దగ్గర, 10 మైనస్ 20వ ఘాతం చదరపు సెంటీమీటర్ల లెక్కలో. ఈ ఒమేగా-2 మీద ఎక్కువగా ఆధారపడే పీకులను హైపర్‌సెన్సిటివ్ అంటారు. ఎర్బియానికి 521, 378. నియోడిమియానికి ఇందాకటి 580. హోల్మియానికి 450.

కాబట్టి ఎర్బియం ఆక్సైడ్ గాజులోంచి ఫ్లోరైడ్ స్ఫటికంలోకి మారిందంటే 521 పీకు వైశాల్యం తగ్గి తీరాలి. "వేడి చేస్తే శోషణ పెరిగింది" అని చెప్పేవాళ్లకు నేను వేసే ప్రశ్న ఇదే: స్ఫటికంలోకి అయాన్లు వెళ్లాయని మీరే అంటున్నారు, మరి 521 పెరగడం ఎలా సాధ్యం?

1530 పీకు మాత్రం అంతగా కుంగదు. దాంట్లో ఒక వాటా అయస్కాంత ద్విధ్రువ పరివర్తనది, దానికి ఈ నిషేధమే లేదు కాబట్టి పొరుగు మారినా పెద్దగా చలించదు. నేను దీన్ని బాగా వాడుకుంటాను. 521 వైశాల్యాన్ని 1530 వైశాల్యంతో భాగిస్తే ముక్క మందం ఎంతన్నది లెక్కలోంచి ఎగిరిపోతుంది. ఎర్బియం సాంద్రత ఎంతన్నదీ పోతుంది. పాలిషింగ్‌లో ఒక ముక్క కొంచెం ఎక్కువ అరిగినా ఫరవాలేదు. ఆ నిష్పత్తి వేడితోపాటు మెట్టు మెట్టుగా దిగుతుంటే అయాన్లు నిజంగా ఇల్లు మారుతున్నాయని ధైర్యంగా చెప్పవచ్చు.

దిగకపోతే? ఇది చాలా ముఖ్యమైన సందర్భం, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఎక్స్‌ఆర్‌డీలో, అంటే ఎక్స్ కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్షలో, లాంథనం ఫ్లోరైడ్ గీతలు చక్కగా వచ్చాయి, వాటి వెడల్పు నుంచి షెరర్ సూత్రంతో 15 నానోమీటర్లని పరిమాణం కూడా కట్టారు. శోషణ పీకుల్లో మాత్రం ఏ మార్పూ లేదు. అప్పుడు అర్థం ఒకటే. స్ఫటికాలు పుట్టాయి, ఎర్బియం మాత్రం బయట గాజులోనే ఉండిపోయింది. ఎక్స్‌ఆర్‌డీ స్ఫటికం ఉందని చెబుతుంది, దానిలో ఎవరున్నారో చెప్పదు. ఆ సాక్ష్యం అయాన్ నోటినుంచే రావాలి, శోషణ స్పెక్ట్రమే ఆ నోరు. ఎక్స్‌ఆర్‌డీ గీత ఒక్కటి చూపించి "రేర్ ఎర్త్ స్ఫటికంలో చేరింది" అనడాన్ని నేను ఒప్పుకోను, ఎంత పేరున్న పత్రికలో వచ్చినా సరే.

ఈ మాటలన్నీ ఎఫ్ నుంచి ఎఫ్‌కు దూకే పీకులకే. సీరియం దారి వేరు. దాని ఎలక్ట్రాన్ 4ఎఫ్ నుంచి 5డీకి దూకుతుంది. అది నియమం ఒప్పుకున్న దూకుడే కాబట్టి శోషణ చాలా బలంగా, వెడల్పుగా, అతినీలలోహితంలో ఉంటుంది. పైగా 5డీ బయటి కక్ష్య, పొరుగు మారితే పీకే జరిగిపోతుంది. దీనికి తోడు సీరియం 3 ప్లస్, 4 ప్లస్ అని రెండు రూపాల్లో ఉంటుంది. కరిగించే వేడి ఎక్కువైతే 3 ప్లస్ వాటా పెరుగుతుంది, గాలిలో ఆక్సిజన్ ఎక్కువ దొరికితే 4 ప్లస్ వాటా పెరిగి గాజు పసుపు రంగుకు తిరుగుతుంది. అందుకని సీరియం గాజులో శోషణ నిజంగానే పెరగవచ్చు, తగ్గవచ్చు, దాన్ని ఎర్బియంతో కలిపి మాట్లాడకూడదు. గామా కిరణాలు తగిలి గోధుమరంగు తిరిగిన గాజు కూడా వేరే కథ. అక్కడ మింగేది గాజులో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు, రంధ్రాలు (ఎలక్ట్రాన్ పోగా మిగిలిన ఖాళీలు). కొన్ని వందల డిగ్రీలకు వేడి చేస్తే అవి విడుదలై రంగు పోతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటారా? ఎర్బియం 980 దగ్గర ఎంత మింగుతుంది, 1530 దగ్గర ఎంత వెడల్పున స్పందిస్తుందన్న దాని మీద మన ఇళ్లకు వచ్చే ఇంటర్నెట్ ఆధారపడి ఉంది. 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం చూపించిన ఎర్బియం ఫైబర్ యాంప్లిఫయర్ సముద్రాల కింద కేబుళ్లలో సిగ్నల్‌ను కాంతిరూపంలోనే పెంచుతోంది. అక్కడ ఎక్కువ చానెళ్లు పట్టాలంటే పీకు వెడల్పుగా ఉండాలి, కాబట్టి గాజే మంచిది, స్ఫటికం కాదు. అప్‌కన్వర్షన్, అంటే పరారుణ కాంతిని కనిపించే కాంతిగా మార్చడం, కావాలంటే కంపన శక్తి తక్కువగా ఉన్న ఫ్లోరైడ్ స్ఫటికం మంచిది. అమెరికాలో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ లేజర్‌లో 3 వేలకు పైగా నియోడిమియం ఫాస్ఫేట్ గాజు పలకలున్నాయి, ఒక్కోటీ 40 కిలోల పైమాటే. అంత పలకలో స్ఫటికం ఒక్కటి మొలిచినా ఒప్పుకోరు. ఒకే వేడి ఒకచోట వరం, ఇంకోచోట లోపం. పీకు ఆకారం చదవడం వస్తేనే ఏది ఏదో తెలిసేది.

మా దగ్గర కొత్తగా చేరిన రీసెర్చ్ స్కాలర్ ఒకమ్మాయి మొన్న టెన్షన్‌గా వచ్చింది. "మేడమ్, 640 డిగ్రీల శాంపిల్ కన్నా 660 డిగ్రీల శాంపిల్‌లో పీకులన్నీ తగ్గిపోయాయి, గాజు పాడైందా?" అని. రెండూ వేరువేరు పోతల్లోవి. వేరే రోజు కరిగిన గాజులో ఎంత ఫ్లోరిన్ మిగిలిందో ఎవరికి తెలుసు? ఒకే పోతలోంచి కోసిన ముక్కలు కావాలమ్మా అని చెప్పాను. వీలైతే ఒకే ముక్క: వేడికి ముందు కొలిచి, అదే ముక్కను కొలిమిలో పెట్టి, తీసి, సీరియం ఆక్సైడ్‌తో మళ్లీ అద్దంలా పాలిష్ చేసి, మందం స్క్రూ గేజ్‌తో మళ్లీ చూసి, మళ్లీ కొలవాలి. ఉపరితలం మీద గీతలు కూడా కాంతిని చల్లేస్తాయి, ఆ పాపం స్ఫటికాల మీద పడకూడదు. కొలిచే ముందు హోల్మియం గాజు ఫిల్టర్ పెట్టి 361, 453, 536 దగ్గర పీకులు వస్తున్నాయో లేదో చూసుకుంటే మిషన్ తరంగదైర్ఘ్యం స్కేలు నమ్మదగినదో కాదో తేలుతుంది. కరెంటు పోయి కొలిమి మధ్యలో చల్లబడితే ఆ ముక్కను లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది. 660 దగ్గర నాలుగు గంటలన్నది అక్షరాలా నాలుగు గంటలే అయి ఉండాలి.

ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (లోపల తెల్లటి పూత ఉన్న బోలు గోళం) ఉన్న స్పెక్ట్రోఫోటోమీటర్ దొరికితే ఇంకా మేలు. పక్కలకు చెదిరిన కాంతిని కూడా చాలావరకు పోగుచేసి డిటెక్టర్‌కు ఇస్తుంది కాబట్టి నేల చాలా కిందికి దిగుతుంది. మన దగ్గర అన్ని కాలేజీల్లో అది ఉండదు. అసలు స్పెక్ట్రోఫోటోమీటరే లేని కాలేజీల్లో ఉన్నవాళ్లకు ఒక దారి చెబుతాను. ఎర్బియం బదులు యూరోపియం వేయండి. యూరోపియం అయాన్ 393 నానోమీటర్ల దగ్గర గట్టిగా మింగుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే 395 నానోమీటర్ల యూవీ టార్చ్ సరిగ్గా అక్కడే వెలుగుతుంది. చీకటి గదిలో వేడి చేయని ముక్కమీద ఆ టార్చ్ వేస్తే ముక్క ఎర్రగా వెలుగుతుంది. అది 612 దగ్గరి కాంతి, ఒమేగా-2 చెప్పినట్టు నడుచుకునే కాంతి. అయాన్లు ఫ్లోరైడ్ స్ఫటికాల్లోకి చేరే కొద్దీ 612 తగ్గి, పొరుగును పట్టించుకోని 590 దగ్గరి కాంతి వాటా పెరుగుతుంది, వెలుగు నారింజ వైపు జరుగుతుంది. ఒకే పోతలోంచి కోసిన ముక్కలను వేడి వరుసలో పక్కపక్కన పేర్చి చూస్తే ఏ ఉష్ణోగ్రత దగ్గర మార్పు మొదలైందో కంటికే తెలుస్తుంది. యూవీ ఆపే కళ్లజోడు మాత్రం పెట్టుకోండి.